కావలయ్య ముందు ఒళ్లు దులపని యాట

“చెవుల నీళ్లు పోస్తే ఏ యాటైనా పెయ్యి దులుపుతది బిడ్డా. తానం చేసేటప్పుడు చెవుల నీళ్లు పోతే నువ్వు తల ఇదిలియ్యవా? గంతే. అండ్ల దేవుడూ లేడు, ఏం లేడు.”

అమృతమ్మ ఈ మాట నాకు మాత్రమే వినిపించేలా అంది. వాకిట్లో కోడలు శోభ బట్టలు ఆరేస్తోంది. గేటు పక్కన ఇనుప కడ్డీకి కట్టేసిన నల్ల మేకపోతు తుమ్మకాయలు నములుతోంది. ఎల్లుండి ఆదివారం దాన్ని పొలంలో కావలయ్య ముందు కోస్తారు. తొలకరికి విత్తనం వేసే ముందు ఆ ఇంటివాళ్ళు తరతరాలుగా చేస్తున్న పని అది. యాట అంటే బలికిచ్చే మేకపోతు. ముందు దాని మీద నీళ్లు చల్లి ఎదురు చూస్తారు. అది ఒళ్లు దులిపితే దేవుడు ఒప్పుకున్నట్టు. దులపనంతవరకు కత్తి ఎత్తకూడదు.

నేను ఆ కావలయ్యను చూడటానికే పాల్మాకుల వచ్చాను. చెట్ల మధ్యనో చెలకల్లోనో పాత జైన విగ్రహం ఉందని ఎవరైనా చెబితే వెళ్ళి చూడటం, ఆ ఊరివాళ్ళు చెప్పే మాటలు రాసుకోవడం నా అలవాటు. పొద్దున్నే పొలానికి వెళ్ళి చూశాను. నల్లరాయి, మనిషంత ఎత్తు. ఒంటిమీద నూలుపోగు లేకుండా, చేతులు కిందికి దించి నిటారుగా నిలబడి ఉన్నాడు. తల మీద ఏడు పడగల పాము. కొలనుపాక గుడినీ, ఇంకో నాలుగు జైన క్షేత్రాలనూ చూసినవాడెవడైనా పార్శ్వనాథుడని ఇట్టే చెబుతాడు. తపస్సులో దేహాన్ని మరిచి అలా నిలబడ్డాడు. ఇక్కడివాళ్ళు మాత్రం ఆ నిలబడటాన్ని చూసి పంటకు కాపలా కాస్తున్నాడనుకున్నారు. కూర్చోడు, పడుకోడు, కన్ను ఆర్పడు. అంతకన్నా మంచి కావలివాడు ఎక్కడ దొరుకుతాడు?

నేను వెళ్ళేసరికి ఆయన పాదాల చుట్టూ ఒక పసుపు పంచె కుప్పగా పడి ఉంది. ముడి వేసింది వేసినట్టే ఉంది.

ఆ సంగతి అడిగితే అమృతమ్మ నవ్వలేదు. “నిలవదు బిడ్డా. దేవుడు బరిబాత నిలవడితే ఆడోళ్లం ఎట్ల మొక్కుతమని మా అత్త కట్టేది. ఇప్పుడు నేను కడుత. తెల్లారి పోయి చూస్తే కింద.”

“నూనె రాసి రాసి రాయి నున్నబడింది కదమ్మా. జారిపోతుందేమో.”

“జారుతది. నేనూ గట్లనే అనుకున్న. మరి చేతులు చూసినవా?”

చూశాను. చేతికీ నడుముకూ మధ్య సందు ఉంది కానీ, వేళ్ల దగ్గర చిన్న రాతి బొడిపెలు ఆ చేతులను తొడలకు అతికించి ఉంచాయి. ఆ సందుల్లోంచి తీసి నడుముకు కట్టిన బట్ట ముడి విప్పకుండా కిందికి దిగే దారి లేదు. నేను ఆ సంగతి పుస్తకంలో రాసుకున్నాను.

అమృతమ్మది కొత్వాల్‌గూడ. పదిహేడేళ్లకు అనంతయ్య భార్యగా ఈ ఇంటికి వచ్చింది. జొన్న కోసింది, టమాటా గంపలు మోసింది, పొద్దెక్కకముందే శంషాబాద్ మార్కెట్లో కూర్చుని కూరగాయలమ్మింది. విమానాశ్రయం వచ్చాక ఆరేళ్లు అక్కడి పచ్చిక బయళ్లలో కలుపు తీసింది. “సూటు బూటు ఏసుకొని ఉరుకుతుంటరు బిడ్డా, ఒక్కడన్న గడ్డిని చూడడు. గడ్డి మాత్రం మా మంచిగుండాలె” అని అంది. అనంతయ్య పోయి పన్నెండేళ్లు. కొడుకు రాఘవేందర్ విమానాశ్రయం దగ్గర కారు నడుపుతాడు.

“అత్తమ్మా, సారును చాయ్ తాగనిస్తవా, మాటలతోనే కడుపు నింపుతవా?” అంటూ శోభ రెండు గ్లాసులు పెట్టి వెళ్ళింది. ఆమె లోపలికి పోయేదాకా ఆగి అమృతమ్మ మళ్ళీ మొదలుపెట్టింది.

“నేనొచ్చిన రెండో ఏడు. యాట మీద నీళ్లు చల్లిన్రు. దులపలే. మల్ల చల్లిన్రు. ఏ దేవుని ముందైనా యాట బెదురుతది, అరుస్తది, తాడు గుంజుతది. ఇది కావలయ్యను చూసుకుంట కాళ్లు ముడుసుకొని కూసున్నది. ఇంట్ల పండినట్టు. మా అత్త రుక్మిణమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది: ‘కావలయ్య ముందు ఒక్క యాటా దులపదే. మా అత్త నాటి సంది గంతే. నువ్వు మెడ నిమిరినట్టు చేసి, దోసిట్ల నీళ్లు చెవుల వొయ్యి. మొగోళ్లకు తెల్వద్దు.’ పోసిన. దులిపింది. అందరు ‘మాటిచ్చింది, ఇచ్చింది’ అని ఒర్రిన్రు. నా చేతి తడి ఆరకముందే తల తెగింది.”

“ప్రతి సంవత్సరమూ మీరే పోశారా?”

“ఏడాదేడాది. నా చెయ్యే. రాఘవేందర్‌కు ఐదేండ్లప్పుడు జరమొచ్చి కండ్లు తేలేసిండు. ఉస్మానియా దవాఖానల పదకొండు దినాలున్నం. మా ఆయన కావలయ్యకు మొక్కుకున్నడు. ఆనాడు కూడ యాట దులపలే. నేనే పోసిన. పొల్లగాడు బతికిండు. కావలయ్య ఒప్పుకుంటేనే నా పాణం నిలిచిందని వాడు నేటిదాక అందరికి చెప్పుకుంట తిరుగుతడు.”

చాయ్ మీద మీగడ కట్టింది. ఆమె ముట్టుకోలేదు.

కిందటేడు, ఎండలు ముదిరే ముందు, ముగ్గురు జైన సాధ్వులు బెంగళూరు రోడ్డు వెంట నడుచుకుంటూ వచ్చారట. తెల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్లు, చంకలో ఉన్ని కుచ్చు. కొలనుపాక యాత్రకు పోతున్నారు. బండెక్కరు, ఎంత దూరమైనా కాలినడకే. నీడ కోసం అమృతమ్మ పొలంలోని పాక దగ్గర ఆగారు. కాచి చల్లార్చిన నీళ్లు అడిగితే అమృతమ్మ మూడు రాళ్లు పెట్టి కాచి ఇచ్చింది. అప్పుడు వాళ్లలో పెద్దావిడ కావలయ్యను చూసింది.

“చూసి అట్లనే నిలవడ్డది. పాదాల కాడ అంతకుముందేటి నెత్తురు నల్లగ ఎండి ఉండె. కుచ్చుతోని నేల ఊడ్చి, చీమను కూడ తొక్కకుంట మోకాళ్ల మీద కూసున్నది. ఏడుస్తదనుకున్న, ఏడువలే. నోటికి చేతిగుడ్డ అడ్డం పెట్టుకొని హిందీల చెప్పింది: ‘అమ్మా, ఈయన ఎవ్వరి పాణం అడగడు. పురుగుది కూడ అడగడు.’ పేరు కూడ చెప్పింది. పార్శ్వనాథ్. తిట్టలే బిడ్డా. తిడితే బాగుండు.”

యాటలు ఎందుకు దులపలేదో ఆ రోజు తెలిసిందామెకు. దేవుడు ఒప్పుకోలేదు కాబట్టి దులపలేదు. ఇన్నేళ్లు ఆయన వద్దంటుంటే, అవునని ఆమె చెయ్యి చెప్పింది.

“పోయినేడు నీళ్లు పొయ్యొద్దనుకొని పోయిన. యాట కూసున్నది. పొద్దు నెత్తికొచ్చింది. చుట్టాలకు ఆకలి. ‘కావలయ్యా, ఏం తప్పు చేసినం’ అని రాఘవేందర్ చేతులు జోడిచ్చి అడుగుతున్నడు. నేను దమ్ము వట్టుకొని కూసున్న. ఇంకొంచెంసేపైతే తాడు ఇప్పుదురు. గప్పుడే విమానమొచ్చింది. గింత కిందికి. దాని రొదకు భూమి అదిరింది, యాట పెయ్యి అదిరింది. ‘ఇచ్చింది!’ అన్నరు. కోసిన్రు. అందరు చూస్తుండంగనే, గాలి లేదు ఏం లేదు, కావలయ్య నడుము మీది పంచె కిందికి దిగింది. మొగోళ్లు తల తిప్పుకున్నరు. నేను తిప్పుకోలే.”

ఆ మాట అంటుండగానే దూరంగా మోత మొదలైంది. రేకుల కప్పు సన్నగా కొట్టుకుంది. విమానం ఇంటి మీదుగా దిగుతోంది. దాని నీడ వాకిలి దాటి గోడెక్కి వెళ్ళింది. అమృతమ్మ భుజాలు ఒక్కసారి అదిరాయి. ఆ అదురు మెడ నుంచి వెన్ను మీదుగా మోకాళ్ల దాకా దిగింది, తడిసిన పశువు ఒళ్లు దులుపుకున్నట్టు. ఆమె ఆపుకోవాలని చూసింది కానీ ఆగలేదు.

మేకపోతు నమలడం ఆపింది. అది పైకి చూడలేదు. అమృతమ్మ వైపే చూస్తోంది. కత్తి పట్టుకుని వరుసలో నిలబడ్డ మనుషులు యాట వైపు ఎలా చూస్తారో అలా చూసింది. మోత తగ్గాక తల దించి మళ్ళీ తుమ్మకాయ అందుకుంది.

“చూసినవా?” అంది అమృతమ్మ. “పోయినేడు సంది గిట్లనే. ఒక్కో విమానానికి ఒక్కోపారి. దవాఖానల చూపిస్తే నరాల బలహీనత అని గోళీలిచ్చిన్రు. ఆ యాటలు ఇయ్యని మాటలన్ని ఇప్పుడు నేనిస్తున్న.”

“ఆదివారం మీరు నీళ్లు పోయకుండా ఉంటే సరిపోదా?” అన్నాను.

“నేను పొయ్యకుంటే ఏమైతది? విమానం రాదా? పావుగంటకొకటి పోతది, ఏదో ఒకటి గింత కిందికొస్తది. యాట దులుపుతది. ‘ఇచ్చింది’ అంటరు. నిరుడు గట్లనే కాలేదా?”

“మరి కోయొద్దని చెప్పండి. కొడుకే కదా.”

“ఎందుకని అడుగుతడు. నిజం చెప్తే వాని పాణం నా అబద్దం మీద నిలవడ్డట్టయితది. నలభై ఏండ్ల మొగోనికి, నిన్ను దేవుడు బతికియ్యలేదురా, మీ అమ్మ యాటను మోసం జేసింది అని ఏ నోటితోని చెప్పాలె? మూడుపార్లు పిలిచిన. మూడుపార్లు ‘అన్నం తిన్నవా కొడుకా’ అని అడిగి పంపిన.” ఆమె తనను తాను వెక్కిరించుకున్నట్టు నవ్వింది. “వాడు ‘గిదడగనీకి పిలిచినవా’ అని కసురుకున్నడు.”

బయట వీధిలో నీళ్ల పైపు చప్పుడవుతోంది. రాఘవేందర్ డ్యూటీకి పోయే ముందు కారు కడుగుతున్నాడు. ఏదో పాట ఈలగా వేస్తున్నాడు.

నేను పుస్తకం సంచిలో పెట్టుకుని లేచాను. అమృతమ్మ నా మణికట్టు పట్టుకుంది. వేళ్లు చల్లగా ఉన్నాయి.

“వాడు ఎల్లిపోకముందే పో. మాట అటు ఇటు తిప్పకు. విమానం సంగతి, పంచె సంగతి ఏం చెప్పకు, అవి చెప్తే భయపడి ఇంకో యాట మొక్కుతడు. చెవుల నీళ్లు పోసింది మీ అమ్మనే అని గదొక్కటి చెప్పు. చెప్పి, వాడు ఏమన్నా పడు, తిరిగి నా దగ్గరికి రాకు. వాన్నే రమ్మను.”