గనిలోంచి వచ్చిన 916

2021 చివర్లో జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లోని ఒక బంగారు పరీక్షశాలలో సీనియర్ అసేయర్‌గా చేరాను. అసేయర్ అంటే లోహంలోనో రాతిలోనో బంగారం ఎంతుందో తేల్చి సంతకం పెట్టే మనిషి. నా పైన మేనేజరు ఉండేవాడు, ఆయన్ని అందరూ ముదీర్ అనేవారు. నా కింద కెమిస్టులు, కొలిమి దగ్గర ఒక ఆపరేటరు. అంతకు ముందు కర్ణాటకలో ఒక గని ల్యాబులో చాలా ఏళ్లు పనిచేశాను. అందుకే నగల బంగారం సంగతీ తెలుసు, రాతిలో ఉండే బంగారం సంగతీ తెలుసు. ఈ రెండోది తెలిసినవాళ్లు దుబాయ్‌లో తక్కువ. ఆ గర్వం నాకిప్పటికీ ఉంది.

మా వృత్తిలో ఒక నియమం ఉంది. ఎవరు ఏ నమూనా తెచ్చినా, రిపోర్టులో ‘ఈ ఫలితం మాకు అందిన నమూనాకు మాత్రమే వర్తిస్తుంది’ అని రాస్తాం. సీసాలో మట్టి సంగతి చెప్పగలం గానీ, అది వచ్చిందంటున్న గని సంగతి మాకేం తెలుసు? మా మనిషి దగ్గరుండి తవ్వించి, సంచికి సీలు వేయించుకుని వస్తే తప్ప గని గురించి ఒక్క ముక్క మాట్లాడం. గని పేరు చెప్పి వాటాలు అమ్ముకునే పెద్దమనుషులకు ఈ నియమమంటే మహా ఇష్టం. నిజమైన రిపోర్టు చేతికొస్తుంది, అడుగున ఉన్న చిన్న అక్షరాలు ఎవరూ చదవరు.

2022 ఎండాకాలంలో మా కొలిమి పొగగొట్టం బాగుచేయడానికి రాజన్న వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో ఏసీ డక్టులు చేసే కంపెనీలో ఫోర్‌మన్. వాళ్లుండే లేబర్ క్యాంపులో చిట్టీ నడిపేది అతనే. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి వీసా చిక్కుబడినా అతని గది తలుపే తట్టేవారట. నేను తెలుగుదాన్నని తెలిశాక, పని ముగించుకుని జేబులోంచి చిన్న సీసా తీశాడు.

“మేడం, జర ఇది జూస్తరా? ఆఫ్రికల బంగారు గని మట్టి. మా క్యాంపోల్లందరం వాటాలు తీస్కుంటున్నం.”

విషయం ఆరా తీశాను. సూటు వేసుకున్న ఒక తెలుగాయన ఆదివారాలు క్యాంపుకొచ్చి, బిర్యానీ పెట్టించి, గని గురించి చెబుతున్నాడు. అందరికీ సీసాలు పంచి, ఎక్కడ కావాలంటే అక్కడ పరీక్ష చేయించుకోమన్నాడు. రాజన్నేమీ అమాయకుడు కాదు. ఒక సీసా తీసుకెళ్లి బంగారం బజార్లో చూపించాడు. దుకాణంవాళ్లు బంగారం ఉందనే చెప్పారు. దాంతో క్యాంపంతా నమ్మింది. వచ్చే ఆదివారం చిట్టీ సొమ్మంతా అతని చేతుల మీదుగా ఆ కంపెనీకి వెళ్లబోతోంది.

“నా మాట మీదనే ఇస్తున్నరు మేడం. అటో ఇటో అయితె ఊర్ల మొఖం ఎట్ల జూపెట్టాలె? అందుకే ఇంకోపారి జూపిస్తున్న” అన్నాడు.

ముదీర్ అనుమతితో నమూనాను రిజిస్టర్ చేయించాను. మట్టిని పళ్లెంలో నీళ్లు పోసి కడిగితే తేలికైనదంతా కొట్టుకుపోయి బరువైన రేణువులు అడుగున మిగులుతాయి. వాటిని మైక్రోస్కోపు కింద పెట్టాను. గనిలో దొరికే బంగారం గింజలు గింజలుగా, రాతిని కరుచుకుని ఉంటుంది. ఇవి మెలితిరిగిన సన్నటి తునకలు, వాటి మీద ఆకురాయి గీతలు. నగల దుకాణాల్లో వాడే ఎక్స్‌రే యంత్రంలో పెడితే వెయ్యి పాళ్లలో 916 బంగారం, మిగతా రాగి, కాస్త వెండి అని చూపించింది. అంటే ఇరవై రెండు క్యారెట్ల నగల బంగారం, గనిలో పుట్టిన బంగారంలో ఇంత రాగి ఉండదు. నాకు ఒక్కసారిగా నవ్వొచ్చింది. ఎవరో గొలుసును ఆకురాయితో రాకి మట్టిలో కలిపారు.

మర్నాడు రాజన్నను పిలిచి గంభీరంగా చెప్పాను, ఇందులో ఉన్నది 916 అని. అతని మొహం వెలిగిపోయింది.

“916 ఆ మేడం? ఇగ డౌటే లేదు.”

క్యాంపుకు ఫోన్ చేయబోయాడు. ముక్కుపుడక కొన్నా 916 ముద్ర చూసి కొనేవాళ్లం మనం. నేను మోసానికి సాక్ష్యమనుకున్నది అతనికి నాణ్యతకు గుర్తుగా వినిపించింది. ఫోన్ ఆపించి, నా చేతి గాజు ముందుకు చాపాను.

“ఇది 916. ఇందులో రాగి ఎవరు కలిపారు, రాజన్నా?”

“అవుసలాయన” అన్నాడు. అటువైపు కంసాలిని అలాగే అంటారు.

“మరి ఈ మట్టిలో?”

అతను సీసా వంక చూశాడు, నా వంక చూశాడు. స్టూలు మీద కూర్చుని నోట్లోనే ఏదో తిట్టాడు. కాసేపటికి భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు.

ముదీర్ నన్ను పిలిచి హెచ్చరించాడు. రిపోర్టులో ఉన్నది చెప్పు, ఎవరినీ మోసగాడనకు, అది మన పని కాదు, ఖలాస్ అన్నాడు. వాటాలు అమ్మడానికి కంపెనీకి అనుమతి ఉందో లేదో అధికారుల దగ్గర కనుక్కోమని రాజన్నకు చెప్పించాడు. అతను కనుక్కుంటే, కంపెనీకి ఉన్నది జనరల్ ట్రేడింగ్ లైసెన్సు. దాంతో ఉల్లిపాయలు అమ్ముకోవచ్చు, వాటాలు అమ్మకూడదు.

ఆదివారం మా వారితో కలిసి క్యాంపు మెస్సుకు వెళ్లి వెనక బల్ల మీద కూర్చున్నాను. నోరు విప్పనని ముదీర్‌కు మాటిచ్చాను. సూటాయన ప్రసంగం అయ్యాక రాజన్న లేచాడు.

“సార్, ఒక్కటే ముచ్చట. మీ గనిల అవుసలాయన ఎట్ల సొచ్చిండు?”

ఆయనకు అర్థం కాలేదు. రాజన్న మట్టిలో రాగి సంగతి అందరికీ విప్పి చెప్పాడు. ఆయన తడుముకుని, అది శుద్ధి చేసిన నమూనా అన్నాడు. ముందు వరసలో ఉన్న తాపీమేస్త్రి తాపీగా అడిగాడు.

“శుద్ధి జేస్తె ఇరవై నాలుగు క్యారెట్లు గావాలె గద సార్, 916 ఎందుకైంది?”

మెస్సంతా ఘొల్లుమంది. సూటాయన ఫోన్ చెవిన పెట్టుకుని బయటికి వెళ్లాడు, మళ్లీ రాలేదు. బిర్యానీ మాత్రం అప్పటికే వచ్చేసింది. అందరం తిన్నాం, చాలా బాగుంది. ఆ వారమే రాజన్న పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. వేరే క్యాంపుల్లో ముందే కట్టినవాళ్లలో కొందరికి ఇప్పటికీ ఏమీ రాలేదు. రాజన్నవాళ్ల చిట్టీ మాత్రం నిలిచింది.

దీంతో నేను నేర్చుకున్నది ఇది. బంగారం ఉందా అని అడిగితే పరీక్ష ఉందనే చెబుతుంది, ఎక్కడిదని అడిగినప్పుడే అసలు జవాబు వస్తుంది. ఆ జవాబైనా వినేవాళ్లకు ఎలా అర్థమైందో చూసుకునేదాకా అసేయర్ పని పూర్తయినట్టు కాదు. ఆ రోజు 916 అని చెప్పి నేను లోపలికి వెళ్లిపోయి ఉంటే, ఆదివారం క్యాంపు డబ్బంతా పోయేది. నా రిపోర్టులో మాత్రం ఒక్క తప్పు కూడా ఉండేది కాదు.