పొగడ్రమ్ములో పక్కటెముకలు

ఆదివారం ఆరాధన ముగిశాక మా ఉక్కు ప్లాంటు టౌన్‌షిప్ సెక్టర్ 2లో సొలొమోను గారింటి ముందు మా నడక కొంచెం నెమ్మదించేది. లోపల పంది మాంసం వేగుతూ ఉండేది. ఆయన వంటింటి కిటికీలోంచి తొంగిచూసి, ఒక్క ముక్క తిని పొమ్మని పిలిచేవారు. ఆ ముక్క కోసమే ఆ దారిన వచ్చామని మేమెవరమూ ఒప్పుకునేవాళ్లం కాదు.

ఆయన తండ్రి ప్లాంటు కట్టే రోజుల్లో పార్వతీపురం వైపు నుంచి ఈ హిందీ ప్రాంతానికి వచ్చారు. సొలొమోను గారు క్యాంప్ 1 కార్మికుల వాడలో పుట్టి, బొగ్గుని కాల్చి కోక్ చేసే కోక్ ఓవెన్స్‌లో చేరి, అక్కడే రిటైరయ్యారు. ఆ ఓవెన్ల హోరులో గొంతెత్తి మాట్లాడే అలవాటు ఇంటిదాకా వచ్చేసింది. ఆయన మాట్లాడితే అవతలివాళ్లకి ఫోను అక్కర్లేదని మా పాస్టరుగారు నవ్వేవారు. భార్య భాగ్యవతి గారు ఆసుపత్రిలో నర్సుగా చేసిన మనిషి. అవసరమైతే తప్ప నోరు విప్పరు. వారమంతా వంట ఆవిడదే. ఆదివారం మాత్రం ఆయన ఆవిడని వంటింటి గడప దాటనిచ్చేవారు కాదు. ఉప్పు చూడమని కూడా పిలిచేవారు కాదు. ఆవిరి ముక్కుకి తగిలితే చాలు, ఏది తక్కువైందో తనకి తెలిసిపోతుందనేవారు. అందులో గొప్పలు లేవు. నిజంగానే తెలిసేది.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆయనకి జ్వరం తగిలింది. ప్రాణానికి భయం లేకుండా బయటపడ్డారు కానీ, వాసన పోయింది. కొన్నాళ్లకి వస్తుందిలే అనుకున్నారు. రాలేదు. మొదట్లో ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు స్టవ్వు పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. పాలు పొంగి, మాడి, గిన్నె నల్లబడిపోతున్నా తలెత్తలేదు. పెరట్లోంచి పరుగెత్తుకొచ్చిన భాగ్యవతి గారికి అప్పుడు విషయం అర్థమైంది.

అయినా ఆదివారం వంట మానలేదు. ఓ ఆదివారం ఎప్పటిలా మమ్మల్ని పిలిచి వేపుడు పెట్టారు. ఉప్పు రెట్టింపు పడింది. మేం మంచినీళ్లు తాగుతూ బాగుందన్నాం. ఆయన మా మొహాలు ఒక్కొక్కటీ చూసి, కళాయి తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆ కిటికీ తెరుచుకోలేదు.

మనిషి చిక్కిపోయారు. ఏది పెట్టినా ఒకటే అనేవారు. పెరుగన్నం కలుపుకుని, మందు మింగినట్టు నాలుగు ముద్దలు మింగి లేచిపోయేవారు. చర్చిలో పాట పాడినా ఆ గొంతు వెనక బెంచీదాకా వచ్చేది కాదు. వాళ్లమ్మాయి జాయ్ దుర్గ్‌లో ల్యాబ్ టెక్నీషియను. రోజూ ఇంటినుంచే వెళ్లొస్తుంది. డాక్టరు చెప్పారని నిమ్మకాయ, లవంగం, కాఫీపొడి చిన్న సీసాల్లో పెట్టి పొద్దునా సాయంత్రం వాసన చూపించేది. ఆయన బుద్ధిగా చూసి, "నీళ్లలాగున్నాయమ్మా అన్నీ" అనేవారు.

వాళ్ల పక్క క్వార్టరు జ్ఞానప్రసూన గారిది. ఆవిడ ప్లాంటు స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. భర్త ఇంజినీరుగా ఉండేవారు, ఇప్పుడు లేరు. ఉల్లిపాయ కూడా అన్ని రోజులూ తినని ఇల్లు అది. చలికాలంలో ఒక ఉదయం ఆవిడ తన పెరట్లో జామచెట్టు కొమ్మలు కొట్టించారు. తోటపని చేసే ఆయన ఆ రెమ్మల్ని ఓ మూల పోగుచేసి మంటపెట్టాడు.

సొలొమోను గారు వరండాలో కూర్చుని ఉన్నారు. ఉన్నట్టుండి లేచి నిలబడ్డారు.

"భాగ్యం, పొగ వాసనొస్తంది," అన్నారు.

ఆవిడ ఇల్లేదో అంటుకుందనుకుని వంటింట్లోకి పరుగెత్తారు. తిరిగొచ్చేసరికి ఆయన పక్కింటి గోడకి ఆనుకుని, పొగకి ఎదురుగా మొహం పెట్టి నిలబడి ఉన్నారు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. అవి పొగకి వచ్చినవో, మరి దేనికి వచ్చినవో ఆవిడ అడగలేదు. పక్కింట్లోంచి జ్ఞానప్రసూన గారు వచ్చి ఏమైందని కంగారుపడ్డారు. ఏమీ కాలేదనీ, మిగిలిన కొమ్మలు కాల్చకుండా తనకి ఇప్పించమనీ ఆయన అడిగారు.

ఆ రాత్రి జాయ్ ఫోన్లో ఒక వీడియో చూపించింది. ఎవరో విదేశీయుడు పెద్ద పెద్ద గొడ్డు పక్కటెముకల్ని ఇనుప పొయ్యిలో పెట్టి, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కట్టె పొగతో మగ్గబెడుతున్నాడు. మాంసం నల్లగా, మెరుస్తూ, ఎముకనుంచి తనంతట తనే జారిపోతోంది. గొడ్డు మాంసం మా రాష్ట్రంలో కుదరదు, చట్టం ఒప్పుకోదు. సొలొమోను గారు వీడియో మళ్లీ మళ్లీ చూసి, పందివైతే చాలన్నారు.

నాలుగు రోజులు పోయాక ఖుర్సీపార్‌లో తనకి అలవాటైన మాంసం కొట్టుకి వెళ్లారు. పక్కటెముకలు కొట్టకుండా, పలక పలకలా పూర్తిగా ఇమ్మన్నారు. కొట్టువాడు కత్తి పైకెత్తినవాడల్లా ఆగిపోయి, కొట్టకపోతే గిన్నెలో ఎలా పడుతుందని హిందీలో అడిగాడు. గిన్నెలో కాదు, డ్రమ్ములో అని సొలొమోను గారు గట్టిగా చెప్పారు. కొట్టు ముందున్న వాళ్లందరూ వెనక్కి తిరిగి చూశారు.

క్యాంప్ 1లో ఆయన చిన్ననాటి స్నేహితుడు గోవిందరావుకి వెల్డింగు షాపు ఉంది. సొలొమోను గారు అప్పటికే అక్కడికి పాత డ్రమ్ము ఒకటి తెచ్చి, లోపలంతా మండించి శుభ్రం చేసి, అడుగున నిప్పుకి తలుపు, మధ్యలో మాంసం పెట్టడానికి ఇనుప జాలీ, పైన మూత, మూతకి ఓ చిన్న గొట్టం పెట్టించి ఉంచారు. ఇస్త్రీ బండివాళ్లు కొనే చోటే బొగ్గులు కొన్నారు. మాంసానికి ఉప్పు, మిరియాలు, కారం, బెల్లం తురుము పట్టించారు. జామకొమ్మలు ముక్కలు చేసి పక్కన పేర్చుకున్నారు. నిప్పు అంటించగానే భాగ్యవతి గారు మంట మరీ ఎక్కువగా ఉందేమో అన్నారు.

"కోక్ ఓవెన్స్‌లో జీవితమంతా చేసినోణ్ని. నిప్పు గురించి నాకు సెప్తావేటి?"

ఆవిడ లోపలికి వెళ్లిపోయారు. మధ్యాహ్నానికి మూత తీస్తే లోపల కోక్ తయారై ఉంది. బయట బొగ్గు, లోపల పచ్చి.

రెండోసారి మంట తగ్గించి, పొగ దట్టంగా పెట్టారు. తెల్లటి పొగ గొట్టంలోంచి తాడులా లేచి వీధంతా కమ్మేసింది. సాయంత్రం తీసిన ముక్కలు వీడియోలో వాటికన్నా అందంగా ఉన్నాయి. ఆయన ఒకటి కొరికి, మెత్తగా ఉందని సంతోషపడి, భార్యకి ఒకటి, కూతురికి ఒకటి ఇచ్చారు. జాయ్ ఒక కొరుకు కొరికి పళ్లెం కింద పెట్టేసింది. తల్లి వైపు చూసింది. భాగ్యవతి గారు మాత్రం నమిలి మింగి చెప్పారు.

"చేదుగా ఉందండీ. కషాయంలాగ."

ఆయనకి కోపం వచ్చింది. పొగ వాసన తనకి తెలుస్తోందని, చేదెలా అవుతుందని అడిగారు. ఆదివారాలు ఏనాడూ వంటింట్లోకి రాని మనిషికి ఏం తెలుస్తుందన్నారు. ఆవిడ చేతిలో ఎముకని పళ్లెంలో పెట్టేశారు.

"రావొద్దన్నది మీరే కదండీ," అన్నారు. "మీకు పొగ ఉందో లేదో తెలుస్తంది. మంచి పొగో కాదో తెలీడం లేదు. అది నాకు తెలుస్తంది. ముక్కు నాది పెడతాను, చెయ్యి మీది పెట్టండి. కూర్చోమంటే కూర్చుంటాను, లేదంటే లేదు."

ఇన్నేళ్లలో ఆవిడ ఒక్క గుక్కలో అంతసేపు మాట్లాడడం జాయ్ ఎప్పుడూ వినలేదట. మరుసటి శనివారం పొద్దున్నే డ్రమ్ము పక్కన ఒకటి కాదు, రెండు కుర్చీలు వేసి ఉన్నాయి.

ఆవిడ గొట్టం దగ్గర కూర్చున్నారు. తెల్లపొగ లేవగానే కళ్లు మండుతున్నాయనీ, కింద తలుపు ఇంకాస్త తియ్యమనీ చెప్పారు. ఆయన తీశారు. ఒక ముక్క కట్టె తగ్గించమన్నారు. తగ్గించారు. కాసేపటికి పొగ పల్చబడి, ఉందా లేదా అన్నట్టు నీలంగా మారింది. ఇప్పుడు జామపండు కోసినట్టుంది, దీన్ని ఇలాగే ఉండనివ్వమని ఆవిడ అన్నారు. అలా రోజంతా ఇద్దరూ కూర్చున్నారు. ఎండుతున్న మాంసం మీద ఆయన మధ్యమధ్యలో చింతపండు నీళ్లు చిలకరించేవారు. పెళ్లయిన కొత్తల్లో క్యాంప్ 1 ఇంట్లో కారిన పైకప్పు గురించి, జాయ్ పుట్టినప్పటి సమ్మె గురించి మాట్లాడుకున్నారు. పనంతా పొయ్యికి వదిలేస్తే మాట్లాడుకోవడానికి ఇంత తీరిక దొరుకుతుందని అంతకుముందు వాళ్లకి తెలియదు.

చీకటి పడకముందే మూత తీశారు. ఎముక పట్టుకుని లాగితే మాంసం జారి పళ్లెంలో పడింది. ఆయన నోట్లో పెట్టుకున్నారు. మొదట పొగ. అది తెలిసిందే. నములుతూ ఆగారు. మళ్లీ నమిలారు.

"భాగ్యం, బెల్లం వేగిన వాసన తెలుస్తందే," అన్నారు మెల్లగా. ఆయన మెల్లగా మాట్లాడడం కూడా అదే మొదటిసారి. ఆ సాయంత్రం పెరుగన్నం జోలికి వెళ్లలేదు.

జ్ఞానప్రసూన గారు మరునాడు గేటు తీసుకుని వచ్చారు. మాంసం పొగ గురించి గొడవకి వచ్చారనుకుని దంపతులిద్దరూ లేచి నిలబడ్డారు. ఆవిడ ముందు చీరల సంగతి ఎత్తారు. ఆరేసిన నేతచీరలన్నీ పొగ పట్టేశాయనీ, ఏ రోజు పెడతారో ముందే చెబితే ఆ రోజు బట్టలు ఆరెయ్యననీ అన్నారు. ఆయన తప్పయిందని చేతులు జోడించారు. ఆవిడ వెళ్లకుండా అక్కడే నిలబడ్డారు.

"సొలొమోను గారూ, మా అమ్మ కట్టెలపొయ్యిలో వంకాయ కాల్చి పచ్చడి చేసేది. గ్యాసు మీద కాలిస్తే ఆ రుచి రాదు. మీ డ్రమ్ములో కుదరదని తెలుసు. విడిగా ఏమైనా..."

ఆ వారమే గోవిందరావు ఓ నూనె డబ్బాకి తలుపు, జాలీ పెట్టి ఇచ్చాడు. మాంసం తగలని డబ్బా అది. జ్ఞానప్రసూన గారు దానిమీద తెల్ల రంగుతో తన పేరు రాసుకుని, గోడకి ఇవతల, సొలొమోను గారి పెరట్లోనే ఉంచారు. నిప్పు ఒకచోటనుంచే, పొగ మాత్రం వేరువేరు. వంకాయ పచ్చడి గిన్నె గోడమీదనుంచి ఇటు రావడం మొదలైంది.

మళ్లీ చలికాలం వచ్చింది; నవంబరులో మా చర్చి కోతపండుగ. సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకి ఈసారి పక్కటెముకలు పెట్టాలని సంఘం పెద్దలు అడిగారు. గోవిందరావు ఇంకో రెండు డ్రమ్ములు చేశాడు. పండుగ ముందురోజు పొద్దున్నే అన్నీ అంటించి, మాంసం ఎక్కించారు. మధ్యాహ్నానికి, ఆ నెలలో ఎవరూ అనుకోని వాన మొదలైంది. మొదటి చినుకులకే మూతలు చుయ్యిమన్నాయి. పెరట్లో రేకు లేదు, వరండాలో మూడు డ్రమ్ములు పట్టవు. ఆయన గొడుగు పట్టుకుని ఏ డ్రమ్ము కాపాడాలో తెలియక అటూ ఇటూ తిరుగుతున్నారు. గోడ అవతలనుంచి జ్ఞానప్రసూన గారు పిలిచారు.

"మా కారు షెడ్డు ఖాళీగానే ఉంది. తీసుకురండి."

ఆయన నమ్మలేనట్టు చూశారు. "అమ్మగారూ, ఇవి పందివండీ."

"నాకు తెలుసు. రోజూ మీ కేకలు వింటూనే ఉన్నానుగా. నిప్పు చల్లారిపోతే రేపు అంతమందికి ఏం పెడతారు? ముందు తీసుకురండి, తర్వాత ఫినాయిలు వేసి కడుగుదురుగాని."

మాకు ఫోన్లు వచ్చాయి. తడిసిన గోనెసంచులు చేతులకి చుట్టుకుని, నలుగురేసి ఒక్కో డ్రమ్ము మోసుకెళ్లాం. షెడ్డులో ఒక మూల కుర్చీ వేసుకుని, చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని జ్ఞానప్రసూన గారు మాకు ఏది ఎక్కడ పెట్టాలో, పొగ ఏ కిటికీలోంచి పోతుందో చెప్పారు. భాగ్యవతి గారు మూడు గొట్టాల దగ్గరికీ తిరుగుతూ, ఒక్కోదాని దగ్గర ఆగి వాసన చూసి, భర్తకి వేలితో సైగచేసేవారు. ఆయన వెంటనే తలుపు తీసేవారు, లేదా మూసేవారు. వాన పడుతూనే ఉంది. కాసేపటికి జ్ఞానప్రసూన గారు లోపలికెళ్లి అందరికీ అల్లం టీ తెచ్చారు. చెంగు ముక్కుమీదనుంచి ఎప్పుడు జారిపోయిందో ఆవిడ పట్టించుకోలేదు.

కోతపండుగ రోజు ఎండ కాసింది. వేలంపాటలో కానుకగా వచ్చిన గుమ్మడికాయలు, కోళ్లు అమ్ముడుపోతుండగానే పిల్లలు విందు బల్ల దగ్గర చేరిపోయారు. మాంసం అందరికీ సరిపోయింది, రెండోసారి అడిగినవాళ్లకి కూడా. పాస్టరుగారు సొలొమోను గారిని మైకు దగ్గరికి పిలిచి ఒక మాట చెప్పమన్నారు. ఆయన మైకు పట్టుకోలేదు. ఆయనకి మైకు అక్కర్లేదు.

"వండింది నాను ఒక్కణ్నే కాదు," అన్నారు. "దీని ముక్కు అదిగో, ఆ వరసలో కూర్చుంది. లేచి నిలబడు భాగ్యం, అందరూ చూస్తారు."

ఆవిడ లేవలేదు. పక్కనున్న ఆడవాళ్లు పట్టుకుని లేపారు. లేచి, ఒక నిమిషం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడి, నవ్వేశారు.

ఆయనకి వాసన పూర్తిగా రాలేదు. నిమ్మకాయ తెలుస్తోంది. వాన కురిసిన మట్టి తెలుస్తోంది. మల్లెపూలు మాత్రం కిరోసిన్‌లా ఉంటున్నాయట. అందుకని భాగ్యవతి గారు జాజులు పెట్టుకుంటున్నారు. క్రిస్మస్‌కి పోయినేడు కుట్టించిన చొక్కా తొడుక్కుంటే పొట్ట దగ్గర గుండీ పట్టలేదు. కొత్తదానికి దర్జీ కొలతలు తీసుకుంటుంటే ఆయన ఊపిరి బిగపట్టి పొట్ట లోపలికి లాక్కున్నారు. జాయ్ వెనకనుంచి, "పప్పా, ఛోడో నా, వదిలెయ్యండి, ఎవరి దగ్గర దాస్తున్నారు?" అంది. ఆయన ఊపిరి వదిలేశారు. దర్జీ టేపు ఇంకాస్త వదులు చేశాడు.