"ఇంకొక్కటి" హన్మండ్లు

మా హన్మండ్లుకు ఫోటో తీయడం వచ్చు, ఆపడం రాదు.

బోధన్ బజారులో నా గడియారాల దుకాణం, అతని స్టూడియో పక్కపక్కనే. రీలు కెమెరా ఉన్నన్నాళ్లు మనిషికి ఒక్క ఫోటో తీసి బుద్ధిగా పంపేవాడు. రెండువేల నాలుగులో డిజిటల్ కెమెరా కొన్నాడు. అంతే, మనిషి చెడిపోయాడు.

"రీలు ఖర్చు లేదు గదనే అన్నా. ఒక్కటి దీస్తే రెప్ప పడుతది. నలభై దీస్తే ఏదో ఒకదాంట్లనన్న కండ్లు తెరువకుంట యాడికి వోతరు?" అనేవాడు. ఆ తర్వాత "ఇంకొక్కటి" అనేవాడు. ఆ ఒక్కటికి అంతూ పొంతూ ఉండేది కాదు. దుబాయి పాస్‌పోర్టు కోసం నున్నగా గీయించుకుని వచ్చిన కుర్రాడు స్టూడియోలోంచి గడ్డంతో బయటికొచ్చాడని బజారంతా చెప్పుకున్నారు.

ఒక పెళ్లిలో దండలు పదకొండుసార్లు మార్పించాడు. పూలన్నీ రాలి దారాలు మిగిలాయి.

"అన్నా, గీ దారం గూడ పడుతదా ఫోటోల?" అని అడిగింది పెళ్లికూతురు.

"దారం మంచిగనే పడ్డదమ్మా. నువ్వే నవ్వలే. ఇంకొక్కటి."

ఒక మే నెలలో, మధ్యాహ్నం ఒంటిగంటకు, కోటగిరి నుంచి భీమవ్వ వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి, బీడీలు చేస్తుంది. కంట్లో పొర. బీడీ కార్డుంటే ఆపరేషన్ ఉచితం. కార్డు కోసం రెండుసార్లు ఫోటో ఇస్తే, రెండింటిలోనూ కళ్లు మూసుకుందని బీడీ ఆఫీసువాళ్లు తిప్పి పంపారు. ఆరోజే ఆఖరి తేదీ.

"లైటు కొడితె రెప్పలు పడిపోతయి కొడుకా. నేనేం జేద్దు?" అంది దిగులుగా.

హన్మండ్లు ఫ్లాష్ ఆపేశాడు. కిటికీ వెలుతురులో, కూలరు ముందు కుర్చీ వేశాడు. "కండ్లు మూస్కో అవ్వా. మూడు అన్నంక తెరువు." క్లిక్. "ఇంకొక్కటి."

పది అయ్యాయి, ఇరవై అయ్యాయి. ఎండిన నోరు ఫోటోలో కనబడుతుందని నీళ్లు తాగించాడు. ఆకలి మొహం కూడా కనబడుతుందని అన్నం తెప్పించాడు. తిన్నాక చల్లగాలికి అవ్వ కునుకు తీసింది. ఆ కునుకునూ ఫోటో తీశాడు. నాకు ఒళ్లు మండింది.

"పండుకున్న మనిషిని దీస్తవేందిరా? ఇయ్యాల ఆఖరి తారీఖు."

"కిటికీల ఎలుగు సూస్తున్ననే."

రెండున్నరకు ప్రింట్లు చేతిలో పెట్టి ఆమెను ఆఫీసుకు పంపించాడు. అర్ధగంటకు భీమవ్వ రసీదు పట్టుకుని వచ్చింది. "తీస్కున్నరు కొడుకా. కండ్లు మంచిగ పడ్డయన్నరు," అని కుర్చీలో కూలబడి నవ్వింది. నాకూ ప్రాణం లేచొచ్చింది.

ఆమె బస్సెక్కాక కంప్యూటర్‌లో చూశాను. మూడో ఫోటోలోనే అవ్వ కళ్లు ఇంతింత తెరుచుకుని ఉన్నాయి. ప్రింటు తీసిందీ అదే.

"మూడోదే మంచిగున్నది గదరా. మిగిలిన నలభై ఎందుకు దీసినవ్?"

హన్మండ్లు కెమెరా తుడుస్తూ కూర్చున్నాడు. "అప్పుడు ఆఫీసోళ్లు బువ్వకు వోయిన్రు, రెండున్నర దాంక రారు. బయట నిప్పులెండ. ఊకె కూసో అవ్వా అంటే కూసుంటదా? నీ గిరాకి ఖరాబైతదని లేసి వోయి రోడ్డు మీద నిలవడుతది. ఫోటో అయితలేదంటే కూసుంటది."

నాకు నిజంగానే ముద్దొచ్చాడు. అయినా ఒక అనుమానం మిగిలింది.

"మరి పోయినేడు వానల నావి అరవై దీసినవ్. అప్పుడు ఎండ లేకుండె గద?"

"నీయి నిజంగనే మంచిగ రాలేదన్నా," అన్నాడు.