మూడో చీటీలో వచ్చిన పేరు

సహోదరులారా, సహోదరీలారా, ఎనభైల మధ్యలో అమెరికాలో, ఇర్వింగ్ అనే ఊళ్ళోని మా అపార్ట్‌మెంట్‌కి ఒక లాయర్ పంపిన ఉత్తరం వచ్చింది, వంద పేజీల ఉత్తరం! కాదులెండి, రెండు పేజీలే, భయానికి వందలా కనిపించాయి. నేను, నా భార్య రూతమ్మ కలిసి పెట్టిన పచ్చళ్ళ వ్యాపారానికి ‘స్ట్రాంగ్ టవర్’ అని పేరు పెట్టుకున్నాం కదా, మసాలాలు అమ్మే ఒక కంపెనీ ‘టవర్’ అన్న పేరును మాకంటే ఏళ్ళ ముందే ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయించుకుందట, పది రోజుల్లో మేము ఆ పేరు మానకపోతే కోర్టుకి లాగుతారట!

ఆ పేరు ఎలా వచ్చిందో చెబుతాను. కొత్త సంవత్సరం ఉదయం ఆరాధనలో మనం బుట్టలోంచి బైబిలు వాక్యాలు రాసిన వాగ్దానపు చీటీలు తీస్తాం కదా, ఆ ఏడు నా చీటీలో దేవుడు బలమైన కోట అని వచ్చింది, నేను దాన్నే ఇంగ్లీషులో పెట్టుకుని, బుట్ట దానంతటదే కదిలి ఆ చీటీ నా చేతిలోకి ఎగిరివచ్చిందని సంఘమంతటికీ సాక్ష్యం చెప్పాను. మన సంఘంలోనే ఉండి, ఒక లాయర్ ఆఫీసులో టైపిస్టుగా పనిచేసే సుగుణ మాత్రం ఆరాధన అయ్యాక నా పక్కకొచ్చి, “అన్నయ్యగారూ, లేబుల్స్ ప్రింట్ చేయించకముందే ఆ పేరు ఇంకెవరైనా వాడుతున్నారేమో సెర్చ్ చేయించండి, మూడు వారాలు పడుతుంది, అంతే” అంది.

“దేవుడిచ్చిన పేరుకి లాయర్ సర్టిఫికెట్ కావాలా తల్లీ!” అన్నాను, చుట్టూ ఉన్నవాళ్ళు ఆమేన్ అన్నారు. ఆ ఆమేన్‌ను నమ్మి రూతమ్మ హాస్పిటల్ కిచెన్‌లో ఉద్యోగం మానేసింది.

ఇక ఉత్తరం వచ్చిన తరువాత ఫోన్ మోగితే ఎత్తేవాణ్ణి కాదు, మెయిల్ వ్యాన్ ఆగితే కర్టెన్ వెనక నిలబడేవాణ్ణి, కోర్టు మెట్లెక్కితే గ్రీన్ కార్డు కూడా లాగేసుకుంటారేమోనని బెంగపడేవాణ్ణి. సుగుణ దగ్గరికి పరుగెత్తి, “వాళ్ళది ఉత్త టవరమ్మా, మనది స్ట్రాంగ్ టవర్!” అని వాదించాను.

“అక్షరం అక్షరం ఒకటే కానక్కర్లేదన్నయ్యగారూ. ఒకే షెల్ఫ్‌లో, ఒకే రకం సరుకు మీద, కొనేవాళ్ళు వాళ్ళదే అనుకునేంత దగ్గరగా ఉంటే చాలు” అంది.

ఆరో రోజు మోకరించి, “ప్రభువా, ఆ కంపెనీవాళ్ళ హృదయాన్ని మార్చు” అని మొదలుపెట్టాను. కానీ నా నోటి నుంచి “ప్రభువా, వాళ్ళు నిజమే చెబుతున్నారు, అబద్ధమాడింది నేనే” అన్న మాట బయటికొచ్చింది.

లేచి వంటగదిలోకి వెళ్ళి రూతమ్మకు చెప్పేశాను. దగ్గరి ఊరు ప్లేనోలో ఒక షాపులో ఆ టవర్ మసాలా సీసాను నేను లేబుల్స్ ప్రింట్ చేయించకముందే చూశాను! చూసి, ఆ మాట నోట్లోనే మింగేశాను. ఆమె చేతిలోని గరిటె కింద పెట్టి, “పచ్చట్లో ఉప్పు మూడుసార్లు రుచి చూస్తావు, పేరు ఒక్కసారి చూడలేకపోయావా? నా ఉద్యోగం పోయిందయ్యా” అని ఏడ్చింది. ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మరునాడు సుగుణ పనిచేసే లాయరు గారి చేత ఉన్నదున్నట్టు రాయించి పంపాం: తప్పు మాదే, పేరు మానేస్తాం, దయచేసి కేసు వేయవద్దు. తొమ్మిదో రోజు జవాబు వచ్చింది. లేబుళ్ళన్నీ తీసేసి, ఇక ఎప్పుడూ ఆ పేరు వాడబోమని సంతకం చేస్తే కేసు ఉండదట. దేవునికే మహిమ! ఆ శనివారం సంఘమంతా మా ఇంటికి వచ్చి, టబ్బులో వేడినీళ్ళు పోసి, వెయ్యి సీసాల లేబుళ్ళు గోళ్ళతో గీకారు... వెయ్యి కాదు, నూట నలభై.

తరువాత ‘రూత్’ అని పెడదామనుకుంటే, ఎవరి పేరు వాళ్ళదే కదా అనుకుంటాం, అది కూడా అప్పటికే ఎవరో పచ్చళ్ళ మీద వాడుతున్నారని సెర్చ్‌లో తేలింది! మళ్ళీ మూడు వారాలు ఆగాం. రూతమ్మ ఎర్ర గరిటెను చూసి పెట్టిన ‘రెడ్ ల్యాడిల్’ మాత్రం ఎవరిదీ కాదని వచ్చింది, ఆ పేరే మా పిల్లల్ని చదివించింది.

సహోదరులారా, ఇన్నేళ్ళూ దాచిన మాట ఇంకొకటి ఉంది, ఇది రూతమ్మకు కూడా చెప్పలేదు, మన సంఘం వేసే ఈ పత్రికలోనే చదువుకుంటుంది. ఆ రోజు బుట్ట కదలలేదు. నేను తీసిన మొదటి చీటీ నచ్చక తిరిగి పెట్టేశాను, రెండోదీ పెట్టేశాను, ‘స్ట్రాంగ్ టవర్’ మూడోది. మొదటి చీటీలో ఏముందో తెలుసా? దేవుని కోసం ఓపికతో కనిపెట్టుకొని ఉండమని ఉంది. సుగుణ అడిగింది కూడా అదే, మూడు వారాల ఓపిక!

కాబట్టి భయంతో ఉన్నవారెవరైనా ఈ ముసలివాడి మాట విని దేవుణ్ణి నమ్మండి, ఆయన మన అబద్ధాన్ని కూడా కడిగి వాడుకోగలడు. మొదటి చీటీని మాత్రం బుట్టలో తిరిగి పెట్టకండి. ఆమేన్.