తడి పంచె

ఎనభైల మొదట్లో నేను చిత్తూరు వెళ్తుంటే, కాణిపాకంలో ఒక పెద్దాయన తడి పంచెతో బస్సెక్కాడు. నా పక్క సీటు చూపించాను.

"వద్దప్పా, తడిసిపోతాది."

తగాదా తేలకపోతే అక్కడ స్నానం చేసి, తడిబట్టలతోనే వినాయకుడి ముందు ప్రమాణం చేస్తారు. ఏం తగాదా అని అడిగాను.

"నా కూతుర్ని ఎవరో చంపేసినారు. పోలీసోళ్లకు ఎవరూ దొరకలా. ఊర్లో మొగోళ్లంతా ఈడికొచ్చి ప్రమాణం చెయ్యండి అన్నాను. అందరూ వచ్చి, 'కన్నతండ్రివి, ముందు నువ్వు చెయ్యి' అన్నారు. చేసినాను. తిరిగి చూస్తే ఒక్కడూ లేడు. ముందు బస్సుకే పోయినారంట."

చిత్తూరు దాకా కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చాడు.

ఇప్పటికీ నాకు కోపమే. బస్సు సీటు తడుస్తుందని కూర్చోని మనిషి చేత, 'నా కూతుర్ని నేను చంపలేదు' అని దేవుడి ముందు చెప్పించారు.