వంటింటి లైటు జోలికి రావద్దు

మా వారు హాల్లో కంప్యూటర్‌కి టీవీ, స్పీకర్లు, ఇంట్లోని లైట్లు కలిపి ఒక సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నారు. ఒక్క బటన్ నొక్కితే లైట్లు ఆరిపోయి సినిమా మొదలవుతుంది. ఈ సాయంత్రం నేను చేప ముక్కలు వేయిస్తుంటే వంటింట్లోనూ లైటు ఆరిపోయింది.

“ఏవండీ, ఇక్కడ నూనె కాగుతోంది!”

“ఆ వెలుగు తెర మీద పడుతోందోయ్. కాసేపు సెల్‌ఫోన్ లైటు పెట్టుకో.”

పొయ్యి కట్టేసి, ఆయన చూస్తుండగానే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆయన పెట్టిన సెట్టింగులన్నీ వరసగా చదివి, వంటింటి లైటును అందులోంచి తీసేశాను. నాది కూడా ఒకటి చేర్చాను. ఇకనుంచి వంటింట్లో లైటు వెలిగితే హాల్లో సినిమా ఆగుతుంది.

“ఇదెక్కడి అన్యాయం?” అంటున్నారాయన. మీరూ అదే అంటారా? ముందు చీకట్లో చేపలు వేయించి చూసి, ఆ తర్వాత చెప్పండి.