చప్పట్ల లైటూ, ఒంటి తుమ్మూ

పెళ్లి సంబంధాలు జాతకాలు కుదరక తప్పిపోతాయి, మాట పట్టింపులతో తప్పిపోతాయి. నా సంబంధం మాత్రం సబ్బుపెట్టె అంత డబ్బా ఒకటీ, ఇంటినిండా ఎండు మిరపకాయలూ, ఒక పెద్దావిడ తుమ్ముల లెక్కా కలిసి తప్పిపోబోయింది. ఆ డబ్బా తయారుచేసింది ఎవరో కాదు, నేనే. దాన్ని తీసుకెళ్లి సరిగ్గా పిల్లనిచ్చేవాళ్లు కూర్చునే గదిలో, వాళ్ల నెత్తిమీద బిగించిన మేధావినీ నేనే. నవ్వడానికి సిద్ధంగా ఉండండి. అప్పుడు మాత్రం నాకు ఏడుపొచ్చింది.

సెల్‌ఫోన్లు ఇంకా మా ఊళ్లలోకి రాని రోజులవి. గుంటూరులో ఎలక్ట్రానిక్సు డిప్లొమా పూర్తిచేసి ఇంటికొచ్చాను. నాన్న మిరపచేను చూడమన్నాడు. చేలో నిలబడితే ఇంట్లో ఏదో వైరు పిలుస్తున్నట్టుండేది, ఇంటికొస్తే చేను గుర్తొచ్చేది. అన్నం ముందు కూడా సగం లేచే కూర్చునేవాణ్ణి. మా నాయనమ్మ నన్ను చూసి, "వీడొక కాలు కాలిన పిల్లి. వీణ్ణి కట్టుకునేది వీడి వెనకాల పరిగెత్తలేక చచ్చుద్ది" అనేది.

ఆ కాలు కాలిన ఊపులో ఇంటిని మొత్తం దానంతటది పనిచేసే ఇల్లుగా మార్చాలని కంకణం కట్టుకున్నాను. మొదట గేటుకు బెల్లు. గేటు కదిలితే చాలు, పిచ్చుకలా కిచకిచమంటుంది. అది మా గేదెకు తెలిసిపోయింది. మెడ దురద పుట్టినప్పుడల్లా వచ్చి గేటుకు రుద్దుకునేది. మా అమ్మ చేతులు తుడుచుకుంటూ, "ఎవరండీ? రండి, రండి" అని నవ్వుముఖంతో వచ్చి గేదెకు స్వాగతం చెప్పి వెళ్లేది.

తర్వాత ప్రహరీ మీద చీకటి పడగానే వెలిగే లైటు. ఇక్కడ చిన్న పొరపాటు జరిగింది. దాని వెలుగు దాని కన్నుమీదే పడేది. తెల్లారిందనుకుని ఆరిపోయేది, ఆరగానే చీకటి పడిందనుకుని వెలిగేది. దాంతో పొద్దుగూకినప్పటి నుంచీ మా గోడ వీధిలో పోయే ఆడవాళ్లందరికీ కన్ను కొడుతూ ఉండేది. నాన్న రచ్చబండ దగ్గరికి వెళ్లడం మానేశాడు.

మూడోది నీళ్ల ట్యాంకు అలారం. ట్యాంకు నిండగానే కూని రాగం తీసేది, మోటారు ఆపగానే నోరు మూసుకునేది. నా దృష్టిలో అది నా సృష్టుల్లో అన్నిటికంటే నాసిరకం. దాన్ని చూసి ఎవరైనా నోరెళ్లబెడతారా చెప్పండి?

నోరెళ్లబెట్టేది నాలుగోది. చప్పట్ల లైటు. ముందుగదిలో గోడకున్న మామూలు స్విచ్చి పీకేసి, దాని స్థానంలో ఈ డబ్బా పెట్టాను. చప్పట్లు కొడితే వెలుగుతుంది, మళ్లీ కొడితే ఆరుతుంది. ఊరంతా వచ్చి చప్పట్లు కొట్టి వెళ్లింది. నాన్న మాత్రం దోమను కొట్టాడు. ఠపీమని లైటు ఆరింది, చీకట్లో దోమ తప్పించుకుంది. లైటు కోసం చప్పట్లు కొట్టాడు, దోమ మళ్లీ వచ్చింది, మళ్లీ కొట్టాడు, మళ్లీ చీకటి. 

"ఒరేయ్ కోటీ! ఇది నాకోసం పెట్టావా, దోమల కోసం పెట్టావా?"

"కొత్తలో అలాగే ఉంటుంది నాన్నా, అలవాటైపోద్ది."

"ఎవరికి? దోమలకా?"

ఇలా ఉండగా మా మేనమామ శేషయ్య చీరాల దగ్గర ఒక ఊళ్లో సంబంధం చూశాడు. వెళ్లి చూశాను. అమ్మాయి పేరు పద్మజ. అందరూ తలొక ప్రశ్నా వేశాక, ఆ అమ్మాయి తల కాస్త ఎత్తి, "మీకు ఏమంటే ఇష్టం?" అని అడిగింది. సినిమాలనో వంకాయకూరనో చెప్పొచ్చుగా? "రిలేలు" అన్నాను, అంటే వాటంతటవే పడే కరెంటు స్విచ్చిలన్నమాట. ఆమె పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అంతే, ఆ నవ్వు నావెంట మా ఊరిదాకా వచ్చేసింది. చేలో మోటారు వేస్తే ఆ నవ్వే, టంకం పెడితే ఆ నవ్వే. ఈ అమ్మాయి కాకపోతే నాకు ఇంకెవరూ వద్దని గట్టిగా అనుకున్నాను. 

ఆ తర్వాత ఆనవాయితీ ప్రకారం వాళ్ల పెద్దలు మా ఇల్లు చూడటానికి రావాలి. శేషయ్య మామయ్య ముందుగా వచ్చి గుట్టు విప్పాడు.

"ఇల్లూ వాకిలీ వాళ్లకు పట్టదురా. పిల్ల తండ్రి వీరరాఘవయ్య గారికి ఒక్కటే అనుమానం. అబ్బాయికి కుదురు లేదంట గదా, ఒకచోట కూచుంటాడా అని అడిగాడు. ఆయన వచ్చినప్పుడు నువ్వు కుర్చీలోంచి లేచావంటే సంబంధం పోయినట్టే."

నాన్న వెంటనే తీర్పు చెప్పాడు. "వాళ్లొచ్చే లోపల ఈ గోలంతా పీకెయ్. పోనీ, ముచ్చట పడ్డావు కాబట్టి ఏదో ఒకటి ఉంచుకో. ఒక్కటే!"

"ట్యాంకుది ఉంచరా నాయనా. అది ఒక్కటే నాకు పనికొచ్చింది" అంది అమ్మ.

ఏది ఉంచాలి, ఏది తీయాలి? ఆ సాయంత్రం పెరట్లో అటూ ఇటూ తిరిగి తిరిగి కాళ్లు నొప్పులు పుట్టించుకున్నాను. చివరికి నా బుర్రలో వెలిగింది. పిల్ల తండ్రికి కావలసిందేంటి? నేను కుర్చీలోంచి లేవకపోవడం. కుర్చీలోంచి లేవకుండా లైటు వేయగలిగేది ఏంటి? చప్పట్ల డబ్బా! ఇంతకంటే కుదురుకు రుజువేముంటుంది? అమ్మ మొహం చిన్నబుచ్చుకుంటున్నా గేటు బెల్లూ ప్రహరీ లైటుతో పాటు ట్యాంకు అలారం కూడా పీకేశాను.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఒక్క లైటేం సరిపోతుందని ఫ్యాను కూడా అదే డబ్బాకు కలిపాను. గట్టిగా చప్పట్లు కొడితే మోటుగా ఉంటుందని, మెల్లగా కొట్టినా వినపడేలా దాని చెవిని బాగా పదును పెట్టాను. అప్పటికి అది పిల్లి నడిచినా ఉలిక్కిపడే స్థితికి వచ్చింది.

వాళ్లొచ్చే రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. మిరపకాయలు కల్లంలో బాగా ఎండి, టిక్కీ బస్తాల్లోకి తొక్కడానికి సిద్ధంగా ఉన్నాయి. తడిస్తే ఏడాది కష్టం బూజు పట్టిపోతుంది. ఇంటిల్లిపాదీ పరిగెత్తి కాయనంతా తెచ్చి నడిమి గదిలో గుట్టగా పోశాం. ఈదురుగాలికి తలుపులూ కిటికీలూ మూసేశాం. ఇక ఇంట్లో ఘాటు ఎలా ఉంటుందో మా ప్రాంతంవాళ్లకు చెప్పనక్కర్లేదు, బయటివాళ్లకు చెప్పినా అర్థం కాదు.

సరిగ్గా అప్పుడే వాళ్లొచ్చారు. వీరరాఘవయ్య గారు, ఆయన వెంట అక్కగారు ఆదెమ్మ గారు. పద్మజను చిన్నప్పటినుంచీ పెంచింది ఈ మేనత్తే. ఆవిడ శకునం చూడందే గుమ్మం కూడా దాటదని మామయ్య నా చెవిలో ఊదాడు.

నేను కుర్చీలో అతుక్కుపోయాను. కాళ్లు ఒకటే ఆడుతున్నాయి, మోకాళ్లమీద చేతులు పెట్టి అదిమిపట్టాను. ముక్కులో మిరపకాయ ఘాటు సూదిలా గుచ్చుతోంది. తుమ్మొస్తే ముక్కు నలిపి లోపలికే తోశాను. మబ్బుకు గది చీకటిగా ఉంది.

"చూడండి అన్నయ్యగారూ, మావాడి పనితనం" అన్నాడు మామయ్య, సంబంధం కుదిరినట్టే వరస కలిపేస్తూ.

లేవకుండా, మహారాజులా చిన్నగా చప్పట్లు కొట్టాను. లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది. ఆదెమ్మ గారు "ఓసి దీనమ్మా!" అని బుగ్గన వేలేసుకుంది. వీరరాఘవయ్య గారి ముఖం వికసించింది. 

"బాగుందయ్యా. కుర్రాడు కుదురుగానే ఉన్నాడే! ఇంకేముంది, మాకు మీ సంబంధం..."

ఈలోపు ఫ్యాను గాలి నడిమి గదిలోకి వెళ్లి, మిరపకాయల గుట్టను పలకరించి, ఆ దుమ్మునంతా వెంటబెట్టుకుని తిరిగొచ్చింది.

"...హాచ్చి!"

లైటు ఆరిపోయింది.

చీకట్లో ఆదెమ్మ గారి గొంతు వినిపించింది. "ఒంటి తుమ్ము! మాట నోట్లో ఉండగా ఒంటి తుమ్ము! పైగా దీపం ఆరింది! లే తమ్ముడూ, పోదాం పద."

"అదేందమ్మా, మంచినీళ్లు తాగి కాసేపు కూచుంటే దోషం పోద్ది" అని నాయనమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. 

మామయ్యకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. జంట తుమ్ము మంచిది గదా! "హాచ్!" అన్నాడు. లైటు వెలిగింది. "చూశారా, జంటయ్యింది, వెలుగొచ్చింది!"

"అది తుమ్మా శేషయ్యా? నోటితో అన్నావు. లెక్కలోకి రాదు" అంది ఆదెమ్మ గారు.

"లైటు ఒప్పుకుంది గదమ్మా!"

"లైటుకేం తెలుసు?"

లైటుతో పాటు ఫ్యానూ లేచింది. ఇక చూడండి నా సామిరంగా! నాన్న తుమ్మాడు, చీకటి. నాయనమ్మ తుమ్మింది, వెలుగు. మామయ్యకు ఈసారి నిజం తుమ్మే వచ్చింది, చీకటి. వీరరాఘవయ్య గారు వరసగా లంకించుకున్నారు. దీపావళికి కాకరపువ్వొత్తులు కాల్చినట్టు గదంతా వెలుగూ చీకటీ, వెలుగూ చీకటీ. మధ్యలో ఆదెమ్మ గారు కళ్లనీళ్లు తుడుచుకుంటూ, తాను తుమ్ముతూ కూడా, వేళ్లమీద లెక్క తప్పకుండా వేస్తోంది. నేను మాత్రం ముక్కు పట్టుకుని, కుర్చీని పట్టుకుని, పద్మజ నవ్వును తలచుకుంటూ కూర్చున్నాను. లేస్తే సంబంధం పోతుందని చెప్పారు గదా!

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఎవరితోనూ ఏమీ మాట్లాడకుండా మెయిన్ ఆపేసింది. లాంతరు వెలిగించి తెచ్చి బల్లమీద పెట్టింది. ఫ్యాను ఆగింది, దుమ్ము అణిగింది, తుమ్ములు ఆగాయి.

"లెక్కెంత తేలింది అక్కయ్యా?" అన్నారు వీరరాఘవయ్య గారు, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ.

ఆదెమ్మ గారు వేళ్లు మళ్లీ ఒకసారి ముడిచి చూసుకుంది. "బేసి" అంది.

నాయనమ్మ తల దించుకుంది. మామయ్య గోడకు చేరగిలపడ్డాడు. ఒక్క తుమ్ము తక్కువైనందుకు నా పెళ్లి పోతోంది. వీరరాఘవయ్య గారు ఉత్తరీయం సర్దుకుంటున్నారు. అది చూసేసరికి ముక్కుమీద పట్టు వదిలేశాను. ఇంతసేపూ లోపలికి తోసిన తుమ్ములన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకొచ్చాయి.

"హా... హాచ్చి!"

లాంతరు చిమ్నీ అదిరింది. ఆదెమ్మ గారి వేలు ఒకటి లేచింది. "సరి!" అంది, కళ్లు పెద్దవి చేసి.

"సరి! సరి!" అని మామయ్య ఎగిరాడు. 

కానీ నా ముక్కులో రెండోది బయల్దేరింది. ఇది గనక వస్తే మళ్లీ బేసి! అందరూ నా ముక్కు వైపే చూస్తున్నారు. నలిపాను, ఆగలేదు. ఊపిరి బిగబట్టాను, ఆగలేదు. ఇక కుదురూ లేదు, కుర్చీ లేదు. ఎగిరి బల్ల దాటాను, మామయ్యను తోసుకుని, తలుపు తన్ని తెరిచి, గడప అవతలికి దూకి వాకిట్లో తుమ్మాను. ఒకటి కాదు, కడుపు నొప్పి పుట్టేదాకా తుమ్మాను. గేదె తాడు తెంచుకుని పారిపోయింది.

లోపల గట్టిగా చర్చ జరుగుతోంది.

"గడప దాటాకే తుమ్మాడమ్మా! నేను చూశాను" అంటోంది నాయనమ్మ.

ఆదెమ్మ గారు వేళ్లు ఇంకోసారి చూసుకుని, "గడప దాటింది లెక్కలోకి రాదు. సరే ఖాయం" అంది.

వీరరాఘవయ్య గారు వాకిట్లోకి వచ్చారు. నాకు తల ఎత్తాలంటే భయమేసింది. "లేచేశానండీ" అన్నాను, ఏడుపు గొంతుతో.

ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. "లేవాల్సినప్పుడు లేవనివాడు నాకెందుకయ్యా? మా పిల్ల కోసం బల్ల దూకావు. చాలు." తర్వాత గొంతు తగ్గించి, "పెళ్లి లోపల ఆ డబ్బా మాత్రం పీకెయ్, నీకు పుణ్యముంటది" అన్నారు.

ఆ సాయంత్రమే పీకేశాను. పద్మజ కాపురానికి వచ్చిన వారానికి అటకమీద ట్యాంకు అలారం కనిపెట్టింది. "ఇది మంచిది గదండీ, ఎందుకు తీశారు?" అంది. "ఇది మనకు చెప్పాల్సింది చెప్పి ఊరుకుంటుంది. ఆ చప్పట్లది ఇంట్లోవాళ్లు చేసే ప్రతి చప్పుడుకూ తగుదునమ్మా అని మధ్యలో దూరేదంట గదా?" అమ్మ ఆ మాట విని కోడల్ని చూసి మురిసిపోయింది. ఏది ఇంట్లో ఉండాలో, ఏది అటకెక్కాలో తేల్చే అధికారం ఆ రోజు నుంచీ నా చేతుల్లోంచి శాశ్వతంగా పోయింది. ట్యాంకు అలారం ఇప్పటికీ మోగుతోంది.

కాబట్టి పాఠక మహాశయులారా, మిరపకాయల గుట్ట సాక్షిగా, లాంతరు సాక్షిగా, తాడు తెంచుకున్న గేదె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చెవులున్న ఏ వస్తువునూ ఈ జన్మలో నా ఇంట్లో బిగించను. ఫ్యానుకూ లైటుకూ జన్మలో ముడిపెట్టను. ఇది నా...

నడిమి గదిలో ఈ ఏటి కాయకు ముచ్చికలు తీస్తున్న పద్మజ తుమ్మింది. ఒక్కటే. 

రెండోది వచ్చేదాకా ఈ ప్రమాణం చెల్లదు. కలం పక్కన పెట్టి, మంచినీళ్లు తాగి కూర్చున్నాను.